మిడత కడుపులో ఉపవాసి

కాసింపీరాకు ఒక్కటే దిగులు. తాను అన్నం మానేసి ఇన్నాళ్లయినా గురువు ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

గురువు పేరు కమాల్ షా. ఎర్రమల కొండల్లో ఒక వాగు పక్కన ఆయన తకియా ఉండేది. తకియా అంటే పెద్ద కట్టడమనుకునేరు. ఆయన గురువుగారి సమాధి ఒకటి, దాన్ని ఆనుకుని బోదగడ్డి కప్పిన వసారా, వెనక వంటపాక. అంతే. చుట్టుపక్కల పల్లెల్లో హిందువులూ ముస్లిములూ అందరూ ఆయన్ని తాత అనే పిలిచేవారు. ఆయన దగ్గర ఇద్దరే శిష్యులు. పెద్దవాడు కాసింపీరా, దూదేకుల ఇంటి బిడ్డ. చిన్నవాడు సుంకన్న, ఉన్న గొర్రెల మందను అన్నదమ్ములకు వదిలేసి వచ్చి చేరినవాడు.

ఆ తకియాకు ఒక ఆచారం ఉంది. ఎవరొచ్చినా, ఏ వేళకొచ్చినా, తినకుండా కొండ దిగకూడదు. ఆ పెట్టడాన్ని లంగరు అంటారు. కొర్రన్నం, పులుసు, ఉన్ననాడు ఇంత ఊరిబిండి పచ్చడి. నీళ్లు మోసేదీ కొర్రలు దంచేదీ ఒకరు, వండి వడ్డించేది ఇంకొకరు. ఇద్దరు శిష్యులూ మొదట్లో అలాగే పంచుకున్నారు.

వానలు వెనక్కి తగ్గాక ఆ సమాధి దగ్గర ఏటా జరిగే ఉరుసు పండగ వస్తుంది. ఈసారి ఉరుసులో తాత తన కఫ్నీని ఒక శిష్యుడికి తొడుగుతాడని అందరికీ తెలుసు. కఫ్నీ అంటే పకీర్లు వేసుకునే పొడుగాటి అంగీ. అది ఒంటి మీద పడిందంటే ఆ మనిషి ఇక శిష్యుడు కాడు, గురువు. కాసింపీరాకు ఆ కఫ్నీ కావాలి. కావాలని నోరు తెరిచి అనడు గానీ, తాత దాన్ని ఉతికి ఆరేసినప్పుడల్లా అతని కళ్లు ఆ దండెం మీదే ఉండేవి.

అందుకే తొలకరి పడగానే ఉపవాసం పట్టాడు. ఉరుసు దాకా గింజ ముట్టనన్నాడు. పొద్దు గూకాక ఒక చెంబు మజ్జిగ తాగుతాడు. ఇంకేమీ లేదు. ఉన్నమాట చెప్పుకోవాలి, అతని ఉపవాసంలో కల్తీ లేదు. దొంగచాటుగా పిడికెడు అటుకులు నోట్లో వేసుకునే రకం కాదతను. ఆకలిని నిజంగానే పళ్ల బిగువున ఓర్చుకున్నాడు.

పేరు పాకింది. ముందు కింది పల్లె ఆడవాళ్లు వచ్చి చూసిపోయారు. తర్వాత వాగు అవతలి ఊళ్ల నుంచి బండ్లు కట్టుకుని రావడం మొదలైంది. ‘గింజ ముట్టని సామి’ని చూసి, కాళ్లకు మొక్కి, ముక్కు మీద వేలేసుకుని, మధ్యాహ్నం లంగరులో కూర్చుని తృప్తిగా తిని పోయేవారు. తినని మనిషిని చూడటానికి వచ్చినవాళ్లు మామూలు కంటే రెండు ముద్దలు ఎక్కువే తింటారు. కొండెక్కిన ఆకలి మరి.

వంటపాకలో రోకటి చప్పుడు తెల్లారకముందే మొదలయ్యేది. ఆ చప్పుడు తన ధ్యానానికి అడ్డమని కాసింపీరా ఒకట్రెండు సార్లు విసుక్కున్నాడు కూడా. మర్నాటి నుంచి సుంకన్న రోలును పాక వెనక్కి దొర్లించుకుని పోయి అక్కడ దంచుకున్నాడు.

లోకమంతా మెచ్చుకుంటోంది, తాత మాత్రం మాట్లాడడు. ఇక ఉండబట్టలేక ఒకరోజు కాసింపీరా కొర్ర చేను గట్టు మీద ఆయన్ని పట్టుకున్నాడు. తాత గడ్డిలోకి వంగి ఏదో చూస్తున్నాడు. వానాకాలమంతా ఆయనకు అదే పని. అలా వంగి వంగి నడుము కూడా కాస్త వంగింది.

“తాతా, నా ఉపవాసంలో ఏమన్నా లోటుండాదా?”

“ఏ ఉపవాసం నాయనా?” అన్నాడు తాత, తల ఎత్తకుండానే.

కాసింపీరాకు చెంప చెళ్లుమన్నట్టయింది. తాత చటుక్కున రెండు చేతులూ దోసిలి మూసి పైకి లేచాడు. వేళ్ల సందులోంచి ఒక పచ్చటి మిడత తొంగి చూస్తోంది.

“దీన్ని జూడు. దీని జతవన్నీ రెక్కలొచ్చి ఎగిరిపాయె. ఇది మాత్రం ఇంకా కుప్పిగంతులే ఏస్తాంది. దీన్ని నువ్వు సాకల్ల.”

“నేనా?”

“నువ్వే. నీకు వంటపని గూడా లేదు గదా. పొద్దునా సాయంత్రం పచ్చగడ్డి ఎయ్యి. తిన్నంత తిననీ. ఏం జరిగినా నువ్వు చెయ్యి పెట్టొద్దు, నన్ను పిలువు.”

గురువు మాట కాదనకూడదు. కాసింపీరా ఒక ఈతాకుల బుట్ట తెచ్చి, మిడతను అందులో వేసి, పల్చటి గుడ్డ కట్టాడు. ధ్యానం చేసుకునేవాడికి మిడతను మేపే పని ఏమిటో అని లోపల్లోపల గొణుక్కున్నాడు.

ఆ మిడత తినడం చూడాలి. గడ్డిపోచ అంచున పట్టుకుని పైనుంచి కిందికి, మళ్లీ పైనుంచి కిందికి రంపం పెట్టినట్టు కోసుకుంటూ పోయేది. వేసిన గడ్డి సాయంత్రానికి ఈనెలే మిగిలేవి. అంత తిన్నా ఒళ్లు పెరగదు. వీపు మీద రెక్కలు రావలసిన చోట రెండు చిన్న మొటికలు అలాగే ఉండిపోయాయి. కడుపు మాత్రం ఉబ్బినట్టుంది.

కాసింపీరాకు దానిలో ఒక పనికొచ్చే సంగతి దొరికింది. బుట్టను వసారాలో తన పక్కనే పెట్టుకుని వచ్చినవాళ్లకు చూపించడం మొదలుపెట్టాడు.

“చూడండప్పా. పొద్దస్తమానం తిండే దీనికి. అయినా ఒంటికి పట్టదు, రెక్కలు రావు, ఎగరలేదు. తిండి మింద ఆశ అట్లాంటిది.”

అటు తిని తిని ఎదగని మిడత, ఇటు తినకుండా వెలిగిపోతున్న సామి. జనానికి ఇంతకంటే ఏం కావాలి! ఆహా అన్నారు. ఒక ముసలమ్మ మాత్రం బుట్టలోకి తేరిపారా చూసి అంది.

“సామీ, దీని కడుపులో ఏమన్నా ఉండాదేమో. మా మనమడు గూడా నులిపురుగులు పడి ఇట్లే తింటాండె. ఎంత పెట్టినా ఎముకలే.”

అందరూ గొల్లుమన్నారు. కాసింపీరా కూడా నవ్వాడు.

అయితే సాకిన చేతికి ప్రేమ పుట్టక మానదు. కొన్నాళ్లకు అతను మిడత కోసం లేత గడ్డి వెతకడం మొదలుపెట్టాడు. బుట్ట మూత తీయగానే అది మీసాలు కదిపితే సంబరపడేవాడు. ‘ఈరోజన్నా రెక్క వచ్చిందా’ అని చూసుకునేవాడు. ఒకనాడు అది గడ్డి ముట్టలేదు. ఆ రోజు అతనికి మజ్జిగ కూడా సయించలేదు.

మర్నాడు ముసురు పట్టింది. పొద్దున్నే గుడ్డ విప్పి చూస్తే మిడత పక్కకు ఒరిగి ఉంది. మెడ కింద మెత్తటి చోట ఒక తెల్లటి దారం అంటుకుని కనిపించింది. మూత గుడ్డ పోగు చుట్టుకుందనుకున్నాడు. లాగేద్దామని వేళ్లు పెట్టబోతే ఆ పోగు తనంతట తానే కదిలింది.

“తాతా!” అని కేక పెట్టాడు.

తాత ఆ వయసులో పరిగెత్తడం అదే మొదటిసారి చూశాడు కాసింపీరా. కఫ్నీ కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, బురదలో జారుతూ వచ్చి బుట్ట ముందు చతికిలబడ్డాడు.

“ముట్టుకోవాకు. చూడు, చూడు. సుంకన్నా, నువ్వూ రా!”

“అడుగంటుతాది తాతా, మీరు చూడండి,” అని పాకలోంచి జవాబొచ్చింది.

దారం వస్తూనే ఉంది. జానెడు వచ్చింది. ఇంకా వస్తోంది. మెలికలు తిరుగుతూ, చుట్టలు విప్పుకుంటూ, మిడత నిడివికి ఎన్నో రెట్లు బయటపడింది. వేలెడు లేని ఒంట్లో ఇంత పొడుగు ఎక్కడ ఇమిడిందో కాసింపీరాకు అర్థం కాలేదు. చివరి కొస బయటికి రాగానే మిడత కాళ్లు ఒక్కసారి చాచి ముడుచుకుంది. మళ్లీ కదల్లేదు.

కాసింపీరా కళ్లలో నీళ్లు తిరిగాయి. తాత అరచేయి తడిపి ఆ తెల్లటి పురుగును మెల్లగా చేతిలోకి తీసుకున్నాడు. ఆయన మొహం చూస్తే ఉరుసు వెలుగంతా అక్కడే ఉంది.

“సుబ్‌హానల్లా! ఎంత చక్కగా చేసినాడు నాయనా ఆ దేవుడు!”

“ఇదెట్లా దూరింది తాతా దీంట్లోకి?”

“అది దూరలేదు. మిడతే మింగింది. గడ్డి మింద గుడ్లుంటాయి, దుమ్ము కన్నా సన్నంగా. మిడత ఆకుతో పాటు నమిలి మింగుతాది. పిల్ల లోపల పుడతాది. పేగులో ఉండదు, పేగు దాటి అవతల ఒంట్లో చుట్ట చుట్టుకోని ఉంటాది.”

“ఏం తిని?”

“నోటితో ఏమీ తినదు. మిడత నెత్తురు నీళ్ల మాదిరి ఉంటాది. ఆ నీళ్లల్లో తడుస్తా ఉంటాది, అంతే. మిడత మేసిందంతా దీని తోలు గుండా దీనికి చేరతాది.”

తాత కళ్లకు ఆననిది తర్వాతి కాలంలో చదువుకున్నవాళ్లు అద్దాలు పెట్టి చూశారు. దీన్ని నులిపురుగుల జాతిలో కలిపారు. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు నోటి దగ్గర సూది లాంటి ముల్లు ఉంటుందనీ, దాంతోనే పేగు గోడను పొడిచి అవతలికి పోతుందనీ చెప్పారు. తాతకు ముల్లు సంగతి తెలియదు. వానల్లో గడ్డి మీద వంగి చూసినంత మేరకే ఆయనకు తెలుసు. ఆ చూసింది కూడా తక్కువేమీ కాదు.

“ఒక్కో మిడతలో చానా పుడతాయి,” అన్నాడాయన, పురుగు మీద నీటి చుక్కలు జారవిడుస్తూ. “అట్లా ఇరుకైనప్పుడు అన్నీ పొట్టిగా, సన్నగా వస్తాయి. అవి మగవి. ఇట్లా ఒంటిగా ఉండేదే ఇంత పొడుగై తల్లయితాది. ఉండే కూడెంతో, తినే నోళ్లెన్నో లోపల్నే తేల్చుకుంటాయప్పా! మన ఇండ్లల్లో అన్నదమ్ములకు తెగుతుందా ఆ పంచాయితీ?”

కాసింపీరా కన్నీళ్లలోనే నవ్వాడు. “మరి ఇప్పుడు దీనికి ఏం పెట్టల్ల తాతా?”

“ఏమీ పెట్టబల్లేదు. ఇంక ఇది తినదు.”

“ఈరోజా?”

“చచ్చేదాకా. మన్నులోకి పోతాది. తోలు ఇడుస్తాది, ఎదుగుతాది, కడుపునిండా గుడ్లు పెట్టుకోని నల్లబడతాది. వచ్చే వానల దాకా అట్లే ఉంటాది. ఒక్కోసారి ఆపైటి వానల దాకా గూడా. పచ్చి గింజ ముట్టదు.”

కాసింపీరా తాత అరచేతి మీదికి ఇంకాస్త వంగాడు.

“ఆమైన ఒక ముసురు పట్టిన పొద్దున మన్నులోంచి బయటికొస్తాది. గడ్డిపోచ పట్టుకోని ఎగబాకతాది. తలకాయ మొదట్లో ఇంత ఎర్రటి మచ్చ ఉంటాది దానికి. ఆ మచ్చతోనే ఎలుగు యాడుందో ఎతుక్కుంటాదని నాకు అనిపిస్తాది. పైకెక్కి, ఆకు మింద గుడ్లు పెట్టుకుంటా పోతాది. ఒకటా రెండా, ఏలకు ఏలు. గాలికి రాలిపోకుండా ఒక్కో గుడ్డుకూ కుచ్చులు గూడా ఇచ్చినాడు దేవుడు. ఎండ వచ్చే లోపల దాని పని అయిపోవల్ల. అయిపోతాది గూడా.”

ఒక కొత్త కుండలో తడిమన్ను నింపి తాత పురుగును దాని మీద పెట్టాడు. అది కాసేపు తల అటూ ఇటూ ఆడించి, మన్ను మెత్తగా ఉన్నచోటు చూసుకుని, నిదానంగా లోపలికి దిగిపోయింది. తోక కొస కనుమరుగయ్యేదాకా ఇద్దరూ రెప్ప వేయలేదు. ఇంత గొప్ప జీవి తాను రోజూ కాళ్ల కింద తొక్కిన గడ్డిలో ఉందా అని కాసింపీరాకు గుండె నిండిపోయింది.

అతను తాత కాళ్ల మీద పడ్డాడు.

“నాకు అర్థమాయె తాతా. నేను ఒక వానాకాలం అన్నం మానేసి ఊరూరా పేరు తెచ్చుకుంటి. ఇది ఏడాది పొడుగునా మన్ను కింద కూడు లేకుండా ఉండి ఒక్కరికీ చెప్పదు. నా గర్వం అణిగిపాయె.”

బాగానే చెప్పాడు. కానీ అణిగిన గర్వంలోనూ కాస్త గర్వం మిగులుతుంది. ఇప్పుడైనా తాత వీపు తడతాడని అతను అలాగే వంగి ఉన్నాడు.

తాత వీపు తట్టలేదు. బుట్టలోంచి చచ్చిన మిడతను ఒక ఆకులోకి తీసుకుని అతని అరచేతిలో పెట్టాడు.

“బరువెంతుండాదో చూడు.”

బరువే లేదు. ఊదితే ఎగిరిపోయేటట్టుంది. లోపలంతా డొల్ల.

“ఇన్నాళ్లూ గడ్డి తినింది ఎవురు నాయనా?”

“మిడత.”

“ఎవురికి పట్టింది?”

తాత కుండను చంకన పెట్టుకుని లేచాడు.

“పురుగు మింద కోపం తెచ్చుకోవాకు. తాను ఎవురి ఒంట్లో ఉండేదీ దానికి తెలవదు, పాపం.” అని, నీడపట్టు చూసుకుంటూ సమాధి వైపు వెళ్లిపోయాడు.

వాన తెరిపి ఇచ్చింది. కింది దారిలో బండ్ల గజ్జెలు వినబడుతున్నాయి. ఈరోజు జనం ఎక్కువే ఉన్నట్టుంది. కాసింపీరా చేతిలో మిడతను పట్టుకుని అలాగే కూర్చున్నాడు. పాక వెనక రోకటి చప్పుడు ఆగకుండా వస్తోంది. ఎన్నో రోజుల తర్వాత అతను ఆ చప్పుడు విన్నాడు.

లేచి వెనక్కి వెళ్లాడు. మిడతను గోడ వార గడ్డిలో ఉంచి చూశాడు. సుంకన్న రోలు దగ్గర ఉన్నాడు. రోకలి ఎత్తినప్పుడల్లా అతని పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేటట్టు పైకి లేస్తున్నాయి. మెడ దగ్గర ఎముకల గుంటల్లో చెమట నిలిచింది. తకియాకు వచ్చిన కొత్తలో ఒక్కడే గొర్రెపోతును భుజాన వేసుకుని వాగు దాటిన మనిషి అతను.

“సుంకన్నా, తిన్యావా?”

“తింటాలే అన్నా.”

“ఎప్పుడు?”

“అందురూ తినినాక. మిగిల్తే.”

“నిన్న మిగిల్యా?”

సుంకన్న రోకలి ఆపి నవ్వాడు. “నిన్న జనం ఎక్కువ గదన్నా. కొర్రలు కడిగిన నీళ్లు తాగి పండుకుంటి. నాకేమీ కాలేదు. నీ పుణ్యాన ఇంతమందికి పెట్టే రాత నాకు దొరికింది. మా నాయన చూసింటే మురిసిపోతాండె.”

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే కాసింపీరాకు ముల్లులా దిగింది.

“నా మజ్జిగ యాడిది?”

“కింది పల్లెలో అడుక్కొస్తా. సాయంత్రం ఒక నడక. దానికేముండాది?”

కాసింపీరా సుంకన్న చేతిలో రోకలి తీసుకుని మిగతా కొర్రలు తానే దంచాడు. కళ్లకు చీకట్లు కమ్మాయి, అయినా దంచాడు. నీళ్లు తెచ్చాడు. పొయ్యి ఊదాడు. సుంకన్న వెనకే తిరుగుతూ “వద్దన్నా, నీకు ఓపిక లేదన్నా” అంటూనే ఉన్నాడు.

మధ్యాహ్నం వసారాలో ఆకులు వేశారు. వచ్చినవాళ్లు బారుగా కూర్చున్నారు. కాసింపీరా మొదటి ఆకు ముందు సుంకన్నను భుజాలు పట్టి కూర్చోబెట్టి, కొర్రన్నం పెట్టి, పులుసు పోశాడు. సుంకన్న చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

“తిను.”

“పెద్దోనివి, నువ్వు తినకుండా నేనెట్లా ముందు తినేది? నాతోని కాదన్నా.” లేవబోయాడు.

కాసింపీరా చుట్టూ చూశాడు. అందరి కళ్లూ తన మీదే ఉన్నాయి. ఉరుసు ఇంకెంతో దూరం లేదు. పొద్దున బురదయితే ఉతికి ఆరేసిన తాత కఫ్నీ దండెం మీద గాలికి ఊగుతోంది. సుంకన్న పక్కనే, అదే ఆకు ముందు, మఠం వేసుకుని కూర్చున్నాడు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు.

బారులోంచి మాటలు లేచాయి.

“అయ్యయ్యో, సామి తింటాండాడే!”

“ఉరుసు దాకా అన్న్యారే?”

“దీనికేనా ఇంత కొండెక్కి వచ్చింది?”

కొందరు అప్పుడే లేచారు. ఎక్కువమంది తినే లేచారు లెండి, వాళ్ల గొణుగుడు వాళ్లది. కాసింపీరా తల ఎత్తలేదు. ఒక్కో ముద్దకూ కఫ్నీ తనకు ఇంత దూరం జరిగిపోతోందని అతనికి తెలుసు. కళ్లలోంచి నీళ్లు జారి ఆకులో పడుతున్నాయి. పక్కన సుంకన్న కూడా ఏడుస్తూనే తింటున్నాడు. ఆకలిగా, పెద్ద పెద్ద ముద్దలు తింటున్నాడు. అలా తినే మనిషిని కాసింపీరా జన్మలో ఎప్పుడూ చూడలేదనిపించింది.

బండ్లు ఒక్కొక్కటే కొండ దిగిపోయాయి. రేపు ఇంతమంది రారు. వంటపాకలో చాలా రోజుల తర్వాత అన్నం కుండలో సగం మిగిలింది.

తాత సమాధి దగ్గర నుంచి మెల్లగా వచ్చి, కాసింపీరాకు అవతలి పక్కన కూర్చుని, తన ముందు ఒక ఆకు పరుచుకున్నాడు.

“నాకూ ఇంత పెట్టు నాయనా,” అన్నాడు. “నువ్వు మానుకున్న కాడ్నుంచి నాకూ ముద్ద దిగడం లేదు.”